డెజర్ట్ రోడ్డు మీద మా ప్రార్థన

నేను ఆక్లాండ్‌లో విమానం దిగేసరికి మా తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు. దక్షిణాన వాడుండే ఊరికి మరో విమానం ఎక్కాలి. పొగమంచు వల్ల అది రద్దయింది. ఆక్లాండ్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక బ్రదర్, ఊరి శివారు ఫ్లాట్ బుష్‌లో ఉంటాడు, కారు తీసుకొచ్చాడు. రాత్రంతా కేర్ హోమ్‌లో డ్యూటీ చేసి అటునుంచి అటే వచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

"సాయంత్రానికి అక్కడుంటాం అక్కగారూ, ప్రభువు చిత్తమైతే" అన్నాడు.

బయలుదేరుతుండగా మరదలు ఫోన్ చేసింది. "వదినా, కాలేయం పూర్తిగా పోయిందట. ఈ రోజు గడవడం కష్టమన్నారు. కళ్లు తెరిచినప్పుడల్లా మీ గురించే అడుగుతున్నారు. త్వరగా రండి."

ఏళ్ల తరబడి సండే స్కూల్లో పాఠం చెప్పినదాన్ని. బైబిల్లో ఇశ్రాయేలీయులు నడిచిన అరణ్యాన్ని, అంటే ఎడారిని, బోర్డు మీద ఇసుక గుట్టలుగా గీసేదాన్ని. టౌపో సరస్సు దాటాక బ్రదర్ "ఇక్కణ్నుంచి డెజర్ట్ రోడ్డు" అంటే ఇసుక కోసమే చూశాను. ఇసుక లేదు. ఎండిన గడ్డి దుబ్బులు, బూడిదరంగు కంకర, కరెంటు టవర్లు. కుడివైపు మంచు కొండలు సగం మబ్బులో ఉన్నాయి. ఇల్లు లేదు, గొర్రె లేదు. ఇది సైన్యం కాల్పులు జరిపే చోటు, లోపలికి రావద్దు అని బోర్డులు మాత్రం ఉన్నాయి. కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ కూడా పోయింది.

"ఈ రోడ్డు మీద మా ఆవిడ వాంతి చేసుకోని ట్రిప్పు లేదండీ. మీరు గట్టివారే" అని నవ్వించబోయి, బ్రదర్ ఆవులించాడు. "అక్కగారూ, ప్రార్థన చెయ్యండి. మీ గొంతు వింటుంటే నాకు నిద్ర రాదు."

"మీరు మాత్రం కళ్లు మూసుకోకండి."

"భలేవారే, నేనేమన్నా చంటిపిల్లాణ్నా!"

మా వాళ్లకి ప్రార్థన అనగానే తల వంగుతుంది, కళ్లు మూతపడతాయి. మాటలు రాకముందే నేర్చుకుంటాం అది. నేనూ మూసుకున్నాను. ఈ ఒక్క పూట వాడి ఊపిరి నిలపమని అడిగాను. ఆపకుండా అడుగుతూనే ఉన్నాను. పక్కనుంచి "అవును తండ్రీ, అవును తండ్రీ" అంటున్నాడు బ్రదర్. ఆ మాట నెమ్మదించింది. చక్రాల కింద కంకర గరగరమంది. కళ్లు తెరిచి చూస్తే ఆయన గడ్డం గుండెకి ఆని ఉంది. కేక వేశాను. కారు రోడ్డు పక్కనున్న గుంజని గుద్ది, గడ్డిలోకి దిగి ఆగింది.

ఎడమ టైరు చీలిపోయింది. మాకేమీ కాలేదు.

"నేను నిద్రపోలేదు అక్కగారూ, ప్రార్థనలోనే ఉన్నాను" అన్నాడు ఆయన. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇద్దరం ఎంత తిప్పినా చక్రం బోల్టు ఒక్కటీ ఊడలేదు. గాలికి నిలబడలేకపోయాం. చెయ్యెత్తితే కార్లు ఆగకుండా పోయాయి. చాలాసేపటికి ఒక లారీ డ్రైవరు ఆగి, టైరు మార్చి, నా చేతిలో తన ఫ్లాస్కులోని టీ పెట్టి వెళ్లిపోయాడు. అప్పటికి వెలుతురు తగ్గిపోయింది. ఊపిరి నిలపమని నేను అడుగుతున్న క్షణంలోనే మమ్మల్ని ఎందుకు ఆపావని ఆ కంకర మీద నిలబడి ప్రభువును అడిగాను. కోపంగానే అడిగాను.

డెజర్ట్ రోడ్డు చివర వైయూరు అనే ఊళ్లో సిగ్నల్ వచ్చింది. మరదలి మెసేజ్ ఒక్కటే నాకు కనపడింది. "వదినా, వెళ్లిపోయారు."

బ్రదర్ కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. "కారు పోనివ్వండి బ్రదర్, మా మరదలు ఒంటరిగా ఉంటుంది" అన్నాను.

ఆసుపత్రి గదిలో మరదలు నన్ను పట్టుకుంది. "చివరిదాకా తలుపు వైపే చూశారు వదినా. ఎక్కడ ఆగిపోయారు?"

తలుపు దగ్గర బ్రదర్ నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను, "టైరు చీలిందమ్మా."

వాడి చేతులు అప్పటికే చల్లబడ్డాయి. దుప్పటి లోపల పాదాలకి ఇంకా కొంచెం వెచ్చదనం ఉంది. అదీ పోయేవరకు పట్టుకుని కూర్చున్నాను.