నా చేతి మైకు వైరు, ఆగిన సాంచాలు

ఒక్క మైకు వైరుతో సిరిసిల్లలో ఒక వీధి వీధినే ఆపేసిన ఘనుడిని నేనే. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. నాకు మాత్రం ఇన్నేళ్లయినా ఒళ్లు మండుతూనే ఉంది, అదీ ఎవరి మీదో కాదు, అప్పటి నా మీద.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మా వీధి మలుపులో దీక్షా శిబిరం. కిరాయి మైకు "జై తెలం..." అనగానే గుటుక్కుమనేది. వైరు లోపల తెగింది. మీకైతే కోపం రాదా? జగిత్యాల ఐటీఐలో ఆరు నెలలు వెలగబెట్టిన నాకు మరీ వచ్చింది. "గీ డొక్కు వైరెందుకు? నేనే చేస్త" అన్నాను. అడిగారా ఎవరైనా? లేదు!

బీడీలు చుట్టే మా లచ్చక్క, అంటే మా పెదనాన్న కూతురు, ఉద్యమం మీద సొంతంగా ఓ పాట కట్టింది. ఆదివారం శిబిరంలో పాడాలి. నలుగురిలో ఆమె గొంతెత్తడం అదే మొదలు.

"తమ్మీ, నీ వైరును నమ్ముకోని పాడుతున్న. నా పాట ఆగం చెయ్యకు."

"అక్కా, నీ గొంతు కోరుట్ల దాకా ఇనవడ్తది, సూడు!"

కొత్త వైరు చీరితే లోపల ఎర్రదొకటి, తెల్లదొకటి, వాటి చుట్టూ సన్నటి రాగి పోగుల జాలి. మాది నేత ఇల్లు. గుడ్డ దిగగానే వేలాడే పోగులు కత్తిరించాలని ఉగ్గుపాలతో నేర్పిన ఇల్లు. ఇక చేయి ఆగుతుందా? ఆ జాలి ఉత్త ప్యాకింగని రెండు చివరలా నున్నగా కోసి పారేశాను. టంకం పెట్టి పిన్నులు బిగించాక చూస్తే వైరు పెళ్లికూతురిలా ఉంది.

శనివారం బంద్. సాంచాలు, అదే మా మరమగ్గాలు, అన్నీ ఆగాయి. అప్పుడు వైరును పరీక్షించాం. మాట గంటలా మోగింది. "నీ చేతుల పనున్నదిరా" అన్నాడు మైకుసెట్టు సత్తయ్య. ఆ పూటంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆదివారం సాంచాలు నడిచాయి. నా వైరు షెడ్ల గోడల వెంబడి సాగింది. లచ్చక్క మైకు అందుకుని నోరు తెరిచింది. స్పీకర్లోంచి తేనెతుట్టె కదిలినట్టు ఒకటే మోత! పాట అందులో మునిగిపోయింది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందిరా గిది?" అన్నాడు సత్తయ్య.

తప్పు ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? "వైరు మంచిగనే ఉన్నది! సాంచాల మోతే దాంట్ల వడ్తున్నది. బంద్ పెట్టియ్యాలె!"

మా బాపు, అదే మా నాన్న, పనిచేసే షెడ్డుకే ముందు ఉరికాను.

"బాపూ, సాంచా ఆపు!"

"నిన్న బంద్, ఇయ్యాల నీ తిక్కనా?"

"అక్క పాట ఆగమైతున్నదే!"

గొణుగుతూనే ఆపాడు. మోత తగ్గింది గానీ పోలేదు. పక్క షెడ్డు, ఆ పక్కది, "అక్క పాట కోసం ఆపుండ్రి" అని అరుస్తూ వీధంతా తిరిగాను. ఆఖరి సాంచా ఆగేసరికి నేసేవాళ్లంతా ఒంటినిండా దూది నూగుతో శిబిరం ముందు నిలబడ్డారు.

నేను రొమ్ము విరిచి, "ఇగ పాడక్కా!" అన్నాను.

లచ్చక్క మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "సాంచాలే ఆగినంక గిదెందుకురా? పట్టుకో."

ఉత్త గొంతుతోనే పాడింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కో మాటా వీధి చివరిదాకా వినిపించింది. బాపు కళ్లు తుడుచుకున్నాడు. మైకు పట్టుకుని స్తంభంలా నిలబడ్డవాణ్ని నేనొక్కణ్నే.

ఈలోగా సత్తయ్య పిన్ను విప్పాడు. "జాలేదిరా?"

"ప్యాకింగనుకోని కోసిన."

"సాంచాల మోటర్ల కరెంటు మోత వైరుల వడకుంట ఆపేదే గది గదరా!"

బాపు ఊరుకుంటాడా? "గా గింత జాలి ఉంచకపోతివి, సాంచాలన్ని బంద్ పెట్టిస్తివి!"

లచ్చక్కను పాడమని ఎవరు పిలిచినా ఇప్పటికీ ఒకటే ప్రశ్న: "మైకు మా తమ్మునిదా? గట్లయితే ముందుగాల సాంచాలు ఆపుండ్రి." ఎంత అన్యాయమో చూడండి! అందుకే టంకం కడ్డీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా చొక్కాకు మూరెడు పోగు వేలాడినా సరే, కత్తెర ముట్టను.