నిప్పు పడని మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చేది. తమ్ముడు పుట్టి ఇంకా నెల తిరగని చలికాలం అది. తెల్లవారేసరికి అమ్మ కణతలు పట్టుకుని కూర్చునేది. నాయనమ్మ తలకు గుడ్డ బిగించి కట్టుకునేది. నాకు లేవగానే కడుపులో తిప్పేది. తమ్ముడు మాత్రం ఏడ్చేవాడు కాదు. "నా మనుమడు ఎంత బుద్ధిమంతుడో సూడుండ్రి, పాలకు సుత ఏడ్వడు" అని నాయనమ్మ వచ్చినవాళ్ళందరితో చెప్పి మురిసిపోయేది.

గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టర్. నాన్నకు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని. బాలింతకు గాలి తగలకూడదని నాయనమ్మ వెనక గది కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కింది, తలుపు కింద గోనెసంచి పరిచింది. సాయంత్రం వాకిట్లో కుంపటి రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడాక, దాన్ని లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టేది. ఆ గదిలోనే అమ్మ, తమ్ముడు, నాయనమ్మ, నేను పడుకునేవాళ్ళం. మా వాడలో ఏ బాలింత గదిలోనైనా అంతే. బొగ్గు ఊరిలో బొగ్గుకు కరువేముంది? అందరూ చేసే పనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రోజూ పొద్దున్నే తలనొప్పి గోలీల కోసం నన్ను బజారుకు తరిమేవారు. నేను బడికి వెళ్ళలేదు, అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను. అందుకని ఏ పనికైనా చేతికి దొరికేదాన్ని నేనే. మూలమలుపులోని మందుల దుకాణం పెద్దాయనను పిల్లలమంతా చాచా అనేవాళ్ళం. ఆయన ఇంట్లో ఉర్దూ, దుకాణంలో మా తెలుగు మాట్లాడేవాడు. కొన్నాళ్ళు ఏమీ అడగకుండానే గోలీలు ఇచ్చాడు. ఒకరోజు డబ్బా మూత తీయబోయి ఆగిపోయాడు.

"ఎవలెవలికి బేటీ తలకాయ నొప్పి?"

"అమ్మకు, నాయినమ్మకు. నాకు సుత."

"మీ నాయినకు?"

"లేదు. ఆయన ముందటి అర్రల పంటడు."

"పగటికి తగ్గుతాందా?"

"ఆ."

"మరి గోలీ ఏస్కుంటె తగ్గుతాందా, అర్రలకెల్లి బయటికి వస్తె తగ్గుతాందా?"

నాకు ఒళ్ళు మండింది. ఒకపక్క తల పగిలిపోతుంటే ఈ ప్రశ్నలేమిటి? ఆయన వదల్లేదు. కిటికీ సంగతి, కుంపటి సంగతి ఒక్కొక్కటే నాతో చెప్పించాడు. చెప్పించి, డబ్బా మూత పెట్టేశాడు.

"గోలీలు ఇయ్య. ముందుగాల ఆ నిప్పు బయట పెట్టుమను. పొగ కనవడితె మనిషి లేచి ఉరుకుతడు. మూసిన అర్రల బొగ్గు విడిసే గాలి కనవడది, వాసన రాదు. మీరైతె తలకాయ పట్టుకుంటాండ్రు. గా పసిపోరడు ఏం పట్టుకుంటడు? పిల్లలు ఏడ్వకపోవుడు మంచిది కాదు బేటీ."

ఆ చివరి మాటతో గోలీల సంగతే మరిచిపోయాను. ఇంటికి పరుగెత్తి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పాను.

నాయనమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పొగ ఏడున్నదే? నీ కండ్లకు కనవడ్తాందా? మీ నాయినను, మీ మేనత్తలను గీ కుంపటి పక్కపొంటే కని పెంచిన. గోలీలు అమ్ముకునేటోడు నాకు పురుడు నేర్పుతడా?"

అమ్మ వైపు చూశాను. అమ్మ తమ్ముడి పొత్తిగుడ్డలు సర్దసాగింది. అత్త ముందు బాలింత మాటకు విలువ లేదని ఆమెకు తెలుసు. ఇక నాన్నే దిక్కనుకుని, డ్యూటీ నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఆయన అంతా విని నవ్వాడు. "నిజమే బిడ్డా. బాయిల సర్దార్ దీపం పట్టుకపోయి గాలి సూసి వచ్చినంకనే మేం లోపలికి పోతం. ఇంట్ల సర్దార్ మీ నాయినమ్మ కదా! బాలింత అర్రల మొగోల్లకేం పని?" అని అటు తిరిగి పడుకున్నాడు. గాలి చెడితే మనిషి ఏమవుతాడో తెలిసిన మనిషి అలా నిద్రపోతుంటే నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. పోయి కిటికీలో గుడ్డ ఒకటి పీకాను. నాయనమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, గుడ్డను మళ్ళీ కుక్కింది.

మర్నాడు తమ్ముడు రొమ్ము పట్టలేదు. మెడ వాల్చేశాడు. నాయనమ్మ దిష్టి తీస్తూ వాడిని వాకిట్లో ఎండకు తెచ్చింది. కాసేపటికి కదిలి, పాలు తాగాడు. దిష్టి పోయిందని ఆమె, బయటి గాలి తగిలిందని నేను. నా మాట ఎవరికి కావాలి? మళ్ళీ గోలీలకే పంపారు.

దుకాణం మెట్ల మీదే ఏడ్చేశాను. చాచా నా కళ్ళు తుడవలేదు, ఓదార్చలేదు. ఆయనకూ కోపం వచ్చినట్టే ఉంది. "ఊకె ఇస్తె మాట ఎవ్వలు తీస్కోరు. పొట్లం కట్టి ఇస్తె తీస్కుంటరు" అని గొణుక్కుంటూ, గ్లూకోజు డబ్బాలోంచి పొడి తీసి కాగితాల్లో పొట్లాలు కట్టాడు.

"ఇది గట్టి మందని చెప్పు. మీ అమ్మ, నాయినమ్మ నీళ్లల్ల కలుపుకొని తాగాలె. కని దీనికి పథ్యం ఉన్నది. నిప్పు గడప దాటి లోపలికి రావద్దు. కిటికీ తెరిసే ఉండాలె. చలైతె బొంతలు కప్పుకోవాలె. నిప్పు సెగ తాకితె మందు ఇరుగుతది. ఇంకోటి, పోరడు మళ్ల పాలు పట్టకపోతె నా దగ్గరికి రావద్దు, జల్ది దవాఖానకు ఉరుకుండ్రి."

పథ్యం అన్న మాట చెవిన పడగానే నాయనమ్మ మారిపోయింది. మందు వాడే రోజుల్లో పథ్యానికి పడదంటే ఊరగాయ జాడీ వైపైనా చూడని మనిషి ఆమె. నా ఎదుటే కుంపటి వాకిట్లోకి ఈడ్చింది. తన చేత్తోనే గుడ్డలన్నీ పీకి కిటికీ తెరిచింది. "మందుకు పథ్యం తప్పితె దేవుడు సుత కాపాడడు" అని నాకే బుద్ధి చెప్పింది!

తలనొప్పులు పోయాయి. ఒక తెల్లవారుజామున తమ్ముడు పాల కోసం గుక్కపట్టి ఏడ్చాడు. పక్క క్వార్టర్ వాళ్ళు కూడా లేచారు. నేను దేవుడి గూటి ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. అంత కమ్మని ఏడుపు మళ్ళీ వినలేదు.

అక్కడితో నా బాధ తీరిందా? లేదు. నాయనమ్మ ఆ పొడి గొప్పతనాన్ని వాడంతా చాటింది. "ఏం పొడే అది, అమృతం!" అంటుంటే పళ్ళు కొరుక్కున్నాను. ఆగలేక దుకాణానికి పోయి, అది ఉత్త గ్లూకోజని ఆమెకు చెప్పమని చాచాతో తగువు పెట్టుకున్నాను. అప్పటికే ఆయన ఇంకో బాలింత కోసం పొట్లాలు కడుతున్నాడు.

"నిజం నీకు కావాలె బేటీ. మీ తమ్మునికి గాలి కావాలె. ముందుగాల ఆనికి గాలి అందనియ్యి" అన్నాడు. ఆ పొట్లాలు నా చేతిలోనే పెట్టి, ఆ ఇంట్లో పథ్యం సరిగా చెప్పమని పంపాడు. కోపంగానే వెళ్ళాను. పథ్యం మాత్రం ఒక్క ముక్క తప్పకుండా చెప్పాను.

పెద్దయ్యాక ఒకసారి నాయనమ్మకు అసలు సంగతి చెప్పాను. "గ్లూకోజైతె నొప్పెట్ల పోయిందే, పిచ్చిదానా?" అని నవ్వింది. ఆ నమ్మకంతోనే కన్నుమూసింది. తమ్ముడు ఇప్పుడు మనవలను ఎత్తుకుంటున్నాడు. సాయంత్రం దీపం పెట్టినప్పుడు మా పెద్దలతో పాటు చాచాను కూడా తలుచుకుంటాను.

నా మాటే నిజమని తెలిసి కూడా ఎదుటివాళ్ళు విననప్పుడు ఇప్పటికీ నాకు అంతే కోపం వస్తుంది. తగ్గించమని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఆయన పూర్తిగా తగ్గించలేదు. కానీ నోరు తెరిచేముందు ఒక్క క్షణం ఆగి, ఇక్కడ ఊపిరాడనిది ఎవరికి అని చూసుకుంటాను. చాలాసార్లు అది నాకు కాదు.