హద్దురాయి పోయిన రోజు

పైన ఎగిరే విమానాల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. శంషాబాద్ అవతల, మా ఊరి పొలాల పక్కన లేచిన కాలనీ గేటు దగ్గర ఈ పొద్దున తడి పసుపు వాసన తగిలింది. ఎప్పుడో పోయిన హెడ్ కానిస్టేబుల్ బాలయ్య సారు గుర్తొచ్చారు. ఒకప్పుడు ఆయన జీపు నడిపింది నేనే.

జీపెక్కితే చాలు, సారు పాఠం మొదలయ్యేది. మైలార్‌దేవ్‌పల్లిలో పోయేది ఇంటిముందు పెట్టిన బండి అట. రాజేంద్రనగర్ కాలనీల్లో తాళం వేసిన ఇంటి సామాను, బుద్వేల్ వైపు పొద్దున నడకకు వెళ్లినామె మెడలో గొలుసు. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలైతే ఉద్యోగం ఇప్పిస్తామనే మోసం. "నేరం గూడ పంట లెక్కనేరా. ఏ నేలల ఏది మొలుస్తదో ఎరుకుంటే సగం పని అయినట్టే" అనేవారు.

ఒకరోజు మా ఊరి లక్ష్మమ్మ ఏడుస్తూ ఠాణాకు వచ్చింది. ఆమె చేనుకూ, మరిది నర్సింహ చేనుకూ నడుమనున్న హద్దురాయి మాయమైంది. ఊరంతా నర్సింహనే వేలెత్తి చూపింది. పాపం, కథలల్లడం వాడి జబ్బు. నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేరు. పట్టుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. కేసు రాస్తే వాడి బతుకు కోర్టుల పాలవుతుంది, ఆ రెండిళ్ల మధ్య ఇక మాటలుండవు.

"నేను తియ్యలే సారూ" అన్నాడు నర్సింహ.

"మొన్న విమానం రెక్కకు నా పతంగి చిక్కిందన్నోనివి! నీ మాటెట్ల నమ్మాలె?" అని వదిన విరుచుకుపడింది.

సారు చాయ్ ఊదుకుంటూ అన్నారు: "అక్కా, జర ఆగు. హద్దు దొంగ రాయిని జరుపుతడు, ఎత్కపోడు. ఇది పల్లె దొంగతనం లెక్క లేదు. రాయికి ఏమన్న పూసినవా?"

"విత్తనమేసే ముందు ఏటా పసుపు కుంకుమ పెడుత గద!"

సారు నవ్వి, ఇద్దరినీ జీపెక్కించారు.

కాలనీ గేటు పక్కన, కొత్తగా కట్టిన గద్దె మీద, పూలదండ వేసుకుని నిలబడి ఉంది మా హద్దురాయి. చేలో దిక్కులేకుండా ఉన్న అమ్మవారనుకుని కాలనీవాళ్లు భక్తిగా తెచ్చుకున్నారట. "ఎండలో ఒంటరిగా ఉన్నారండీ, మనసొప్పలేదు" అన్నాడు వాళ్ల పెద్దమనిషి చేతులు జోడించి.

లక్ష్మమ్మ రాయి మీద చెయ్యి వేసింది. పీకలేక దండం పెట్టింది. "ఇగ ఈడనే ఉండనియ్యి. మనం ఇంకోటి పాతుకుందం" అంది మరిదితో. "ఈసారి పసుపు నువ్వు తే."

ఒకటి మాత్రం కల్పించాను. నాకు జీపు నడపడం రాదు. ఆ బెంచీ మీద కూర్చున్న నర్సింహను నేనే. సారు పాఠాలు నేను విన్నది తరవాత, చాయ్ బండి దగ్గర. నన్నెందుకు నమ్మారని ఒకసారి అడిగితే, "నిన్నెవడు నమ్మిండు? నేను రాయిని నమ్మిన" అన్నారు. ఇప్పటికీ ఊళ్లో ఎవరినైనా దొంగ అంటే, పోయిందేమిటో, ఎక్కడ పోయిందో ముందు అడుగుతాను.

పతంగి సంగతి మాత్రం నిజం.