బాసిత్ పెంచిన చేపలు

నంద్యాలలో షకీలా కుట్టిన జాకెట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. మొగుడు పోయాక ఆ కుట్టుమిషన్ మీదే ఒక్కగానొక్క కొడుకు బాసిత్‌ను ఇంజనీరును చేసింది. వాడు సిడ్నీ చేరి, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే శివారుపేటలో ఇల్లు కట్టుకుని, తల్లిని తెచ్చుకున్నాడు. గరాజ్‌ను ఆనుకుని ఉన్న చిన్నగది ఆమెకిచ్చాడు.

గరాజ్‌లో గోడ పొడవునా గాజుతొట్టి. అందులో బ్రూక్ ట్రౌట్ చేపలు. కెనడా వైపు మంచు సరస్సుల జాతి. ఒంటినిండా ఎర్రచుక్కలు, వాటి చుట్టూ నీలిరంగు. నీళ్లు కాస్త వెచ్చబడితే అవి బతకవు. అందుకని చిల్లర్ పగలూ రాత్రీ గుర్రుమంటూ నీళ్లను చల్లబరిచేది. ఆఫీసు నుంచి రాగానే బాసిత్ బూట్లు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి పోయేవాడు. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పలకరించేవాడు. పక్కనే ఉన్న తల్లి గదిలోకి తొంగిచూసేవాడు కాదు.

జనవరి అక్కడ నడివేసవి. ఎండలు ముదిరాయి. చిల్లర్, షకీలా గదిలోని ఏసీ ఒకే లైను మీద ఉన్నాయి. రెండూ కలిసి నడిస్తే కరెంటు పోయేది.

"ఎలక్ట్రీషియన్ నెక్స్ట్ మంత్ దాకా దొరకడమ్మా," అన్నాడు బాసిత్. "నంద్యాల ఎండలు చూసినదానివి, నీకిదొక లెక్కా? ఫ్యాన్ వేసుకో."

"పోనీ పగలు హాల్లో కూర్చుంటాలేరా. ఆ ఏసీ ఆపకుండా పో."

"ఇంట్లో ఎవరూ లేనప్పుడు అంత పెద్ద ఏసీ వేస్టు కదా."

"నేనుంటాను గదరా," అంది షకీలా. వాడు అప్పటికే కారు తీస్తున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం గోడలు పెనంలా కాలాయి. కోడలు రుక్సార్ కూడా ఆఫీసుకు పోయింది. కుళాయి తిప్పితే వేడినీళ్లు. కళ్లు తిరిగి షకీలా గోడ పట్టుకుంది. అట్లాగే గరాజ్‌లోకి నడిచి, తొట్టికి కరెంటిచ్చే ప్లగ్ పీకి, గదిలోకొచ్చి ఏసీ వేసుకుని పడుకుంది.

ఫోన్ మోగింది. ఎత్తలేదు. కాసేపటికి గరాజ్‌లోంచి కొడుకు గొంతు వినిపించింది. చేపల్ని చూసుకోవడానికి వాడు పెట్టుకున్న కెమెరాలోంచి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, ప్లగ్ ఊడింది. కాస్త పెట్టమ్మా."

ఆమె లేచి వెళ్లింది. "ఊడలేదు. నేనే పీకినా."

"పంపు కూడా ఆగిపోయింది. నేను సిటీలో ఉన్నా, ఇప్పుడు బయల్దేరినా టైముకు రాలేను. ప్లీజ్ అమ్మా. ఊపిరాడక చస్తాయవి."

చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. షకీలా ముక్కాలిపీట లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. ఎందుకు పీకావని ఒక్కసారి అడిగినా పెట్టేసేదే. వాడు అడగలేదు.

"నీ కాళ్లు మొక్కుతా. మా అమ్మవు కదా. నా బంగారుతల్లివి కదా."

చిన్నప్పుడు జ్వరమొస్తే ఇట్లాగే బతిమాలేవాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ గొంతు ఆమె వినలేదు. ఇంకాసేపు వినాలనిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అన్నిటికన్నా పెద్దచేప గాజుకు కొట్టుకుని, మెల్లగా పొట్ట తిరగేసింది. దాని వెనకే ఇంకొకటి. వాడు ఏడుస్తున్నాడు. తండ్రి శవం మీద కూడా అట్లా ఏడవలేదు.

గొంతు ఆగిపోయాక షకీలా లేచి ప్లగ్ పెట్టింది. ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. తొట్టిలో ఏదీ కదలడం లేదు.

బాసిత్ వచ్చి చేపల్ని చేత్తో ఒక్కొక్కటే తీసి పెరట్లో పూడ్చాడు. తల్లి ముఖం చూడలేదు. దొరకడన్న ఎలక్ట్రీషియన్ ఆ వారంలోనే వచ్చి లైన్లు విడదీశాడు. షకీలా గది ఏసీని బాసిత్ తన ఫోన్‌కు కలుపుకున్నాడు; ఇక ఆపాలన్నా తగ్గించాలన్నా వాడే.

ఆరోజు నుంచి అది ఆగింది లేదు. దుప్పట్లు చాలవు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

"చలేస్తాంది, తగ్గించురా," అంది ఒకసారి.

"చల్లగా కావాలన్నావుగా," అన్నాడు వాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

"అత్తమ్మ వణికిపోతున్నారు," అంది రుక్సార్. మర్నాడు ఆమె ఒక శాలువా కొనితెచ్చి, అత్త మంచం మీద పెట్టి పోయింది.

ఇప్పుడు షకీలా మధ్యాహ్నాలు పెరట్లో, మిటమిటలాడే ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పక్కింటామె, ఫిజీ నుంచి వచ్చిన తెలుగు మనిషి, కంచె మీదుగా అడిగింది.

"ఈ ఎండలో ఏంది అక్కా?"

"లోపల చలి," అంది షకీలా.

పక్కింటామె నవ్వి, ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది.