పెళ్లి వీడియోలో నా ముఖం

పెళ్లయిన కొత్తలో జరిగిందిది. నిజామాబాద్‌లో మా అత్తగారింట్లో టీవీకి కంప్యూటర్ కలిపి, చుట్టాలందరి ముందు మా పెళ్లి వీడియో పెట్టారు. చిన్నప్పుడు వేడినీళ్లు పడి నా చెంప మీద పెద్ద మచ్చ మిగిలింది. సరిగ్గా నా ముఖం దగ్గరగా చూపించే చోట బొమ్మంతా ఆకుపచ్చ గళ్లుగా పగిలిపోయింది.

మా ఆయన మౌస్ అందుకోబోతే ఆడబిడ్డ ఆపింది.

"ఉండనియ్యన్నా, వదిన గిట్లనే మంచిగున్నది!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

నేను బోధన్‌లో కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని. లేచి, వీడియో ప్లేయర్ సెట్టింగుల్లో, బొమ్మను అలా చెడగొడుతున్న హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేశాను. గళ్లు పోయి, మచ్చతో సహా నా ముఖం టీవీ నిండా వచ్చింది.

"ఇగ సూడుండ్రి" అన్నాను.

ఆయన గబుక్కున టీవీ బంద్ చేశారు. "చాలు, నా ఇజ్జత్ తియ్యకు."

ఆడబిడ్డ మాట ఎప్పుడో మరిచిపోయాను. ఆయన పక్కన కూర్చుని ప్రేమగా మాట్లాడినప్పుడు కూడా నాకు ఆ రోజు ఆయనన్న "ఇజ్జత్" మాటే వినిపిస్తుంది.