ఖాళీ బండి కొలత

తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీది కార్ల షెడ్డులో నేను పెద్ద మేస్త్రీగా చేరిన మూడో వేసవి అది. ముందు చక్రాల పని నాది. ఓనరు శేషయ్య గారు పానా పట్టరు, బేరాలు మాట్లాడతారు.

గంపలగూడెం దానియేలు మాస్టారి పాత అంబాసిడర్ ఆ ఏడు మూడోసారి వచ్చింది. అదే రోగం. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగి తీగలు తేలాయి. ఆదివారాలు పాటల బృందాన్ని ఊళ్లకు తీసుకెళ్లేది ఆ బండే.

అంతకుముందు రెండుసార్లూ నేనే సరిచేశాను. ముందు చక్రాల మధ్య దూరం వెనక వైపు కంటే ముందు వైపు ఒక పిసరు తక్కువ ఉండాలి. దాన్ని టో అంటాం. టైర్ల మీద సుద్దగీత గీసి, ముందూ వెనకా కొలిచి, చక్రాన్ని తిప్పే టైరాడ్డును సవరిస్తాం. చక్రం పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్ పిన్నులు వదులు కాలేదు. కొలత తప్పలేదు. అయినా టైర్లు తినేస్తోంది.

"ఛాసీ వంగిందండి. ఇంక బాగుపడదు. మా బావమరిది పాత కార్లు కొంటాడు, ఇచ్చేయండి" అన్నారు ఓనరు. మాస్టారి మొహం పాలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. అంబాసిడర్‌కు లారీలాగా కింద విడిగా ఛాసీ అనే ఇనుప చట్రం ఉండదు, బాడీయే అంతా. "ఛాసీ ఎక్కడుందో చూపించండి" అని అందరి ముందే అడిగాను. నీ పని నువ్వు చూసుకో అన్నారు.

నా పనే చూసుకున్నాను. ఆదివారం ఎంతమంది ఎక్కుతారని మాస్టారిని అడిగాను.

"ముందు ముగ్గురం, వెనక నలుగురండి. డిక్కీలో హార్మోనియం, డోలు, మైకు పెట్టె."

అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. రెండుసార్లూ ఖాళీ బండినే కొలిచాను.

మర్నాడు బృందమంతా సామానుతో షెడ్డుకొచ్చింది. అందరినీ ఎక్కించాను. ముందు సీట్లో ఇరుక్కున్న సువార్తమ్మ గారు, "ఏంటయ్యా, నన్ను బియ్యం బస్తాలా తూకం వేస్తున్నావా?" అన్నారు.

"కదిలితే కొలత పోద్దండి."

"ఊపిరన్నా పీల్చుకోవచ్చా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బరువుకు బండి ముందు భాగం బాగా దిగింది, చక్రాలు ముందు వైపు విచ్చుకున్నాయి. ఆ బండికి ముందు వైపు స్ప్రింగుల బదులు టార్షన్ బార్లని ఇనుప కడ్డీలుంటాయి, అవి సత్తువ కోల్పోయాయి. అందరినీ దింపి, బార్లు సవరించి ఎత్తు పెంచాను. మళ్లీ ఎక్కించి, బండిని ముందుకూ వెనక్కూ తోయించి, టో పెట్టాను. "ఎక్కమంటాడు, దిగమంటాడు" అని సువార్తమ్మ గారు గొణుగుతూనే ఉన్నారు.

బండి గేటు దాటగానే శేషయ్య గారు, "జనం ముందు నన్ను పిచ్చోణ్ణి చేశావు. రేపట్నుంచి రావద్దు" అన్నారు. లేని ఛాసీని వంచింది నేను కాదండీ అని, నా పానాలు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆయన మీద కోపం ఈనాటికీ పోలేదు.

మాస్టారి టైర్లు తర్వాత రెండంచులా సమానంగా అరిగాయి. అప్పటి నుంచి పని మానేసేదాకా, ఏ పాత బండి వచ్చినా సుద్దముక్క తీసేముందే ఇందులో ఎవరెవరు కూర్చుంటారని అడిగాను. అడక్కపోయినా కొలత సరిగ్గానే వస్తుంది. టైరు మాత్రం అరుగుతుంది.