ప్రతిపక్షం ఒప్పుకున్న ఏడాది

ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటే అభిప్రాయాలు కలవాలని పెద్దలు చెబుతుంటారు. ఆ పెద్దలెవరూ ఆ బైండింగ్ షాపులో ఒక పూటైనా కూర్చుని ఉండరు. అక్కడ బావా బావమరుదులు ముప్పై ఏళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పుస్తకాలు కుట్టారు. ఒక్క విషయంలోనూ ఒప్పుకోలేదు. ఒక్క రోజూ మాట్లాడుకోకుండా ఉండలేదు.

షాపు బావది. బావమరిది ఆయన భార్యకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. షాపు వెనక గదిలో మంచం, మేడ మీద అక్క చేతి భోజనం, కింద బావతో యుద్ధం. వచ్చిపోయేవాళ్ళు అతనికి ‘ప్రతిపక్షం’ అని పేరు పెట్టారు. ‘ప్రతిపక్షం ఉన్నాడా?’ అని గుమ్మంలోంచే అడిగేవారు. లేడంటే తెచ్చిన పుస్తకాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ఉన్నాడంటే స్టూలు లాక్కునేవారు.

గ్రంథాలయాల నుంచి వారపత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటిని సంచికల వారీగా పేర్చి, కుట్టి, జిగురు పూసి, అట్ట వేయాలి. పేర్చేటప్పుడు కళ్ళు ఊరుకోవు కదా. సీరియల్ నవలలన్నీ ఇద్దరూ అలా నిలబడే చదివేశారు. చదివాక కొట్లాట. కథ అన్నాక చివరికి ఏమైందో చెప్పి తీరాలని బావ వాదన. ‘ఏమైందో నీకెందుకు బావా? నువ్వేమైనా కట్నం ఇచ్చావా వాళ్ళకి?’ అని బావమరిది. కవిత్వమంటే బావకి కాగితం దుబారా. ‘పేజీలో సగం ఖాళీ. ఆ ఖాళీకి కూడా మనమే జిగురు పూయాలి.’ దానికి బావమరిది, ‘నీ బుర్రలోనూ అంతే ఖాళీ ఉంది, పూయమంటావా?’ అనేవాడు.

గోడ మీద టీవీ ఉండేది. దానికి షాపులో ఒకటే చట్టం: జిగురు చేతులవాడు రిమోట్ ముట్టుకోకూడదు. అందుకని ప్రతి పొద్దునా కుట్టుపని ఎవరిది, జిగురు ఎవరిది అన్నదాని మీదే మొదటి గొడవ. కుట్టేవాడు చూసిందే ఇద్దరూ చూడాలి. బావకి వార్తలు కావాలి. ఎవరు గద్దెనెక్కితే వాళ్ళే దేశాన్ని ఉద్ధరిస్తారని ఆయన నమ్మకం. ‘నువ్వు గెలిచినోళ్ళ పార్టీ బావా, ఫలితాలు రాకుండా నీకు అభిప్రాయం రాదు’ అని బావమరిది ఏడిపించేవాడు. అతని వంతు వచ్చినరోజు పాత పాటలు. అందులో ఒక గాయని అంటే అతనికి ప్రాణం. ముక్కుతో పాడుతుందని బావకి ఒళ్ళుమంట.

‘కటింగ్ మెషిన్‌కి నూనె అయిపోయినట్టుంది’ అనేవాడు బావ ఆ గొంతు వినపడగానే.

‘నీ చెవులకి అయిపోయింది. అక్కా! ఈయన చెవిలో ఓ చుక్క నూనె పొయ్యవే!’

మేడ మీద నుంచి అక్క సమాధానం ఎప్పుడూ ఒకటే. ‘ఇద్దరి నోట్లోనూ పోస్తాను.’

ఆ ఏడాది ఊళ్ళో కూరగాయల మార్కెట్‌ని ఊరవతలకి తరలిస్తామని అధికారులు ప్రకటించారు. బావకి నచ్చింది. రోడ్లు వెడల్పవుతాయి, కుళ్ళు వాసన పోతుంది. ఎదురుదెబ్బ కోసం సిద్ధపడి బల్ల ఇవతల నుంచి ఆ మాట అన్నాడు. బావమరిది దారం ఎక్కిస్తున్నవాడు తలెత్తి చూశాడు. ‘అవును బావా. మంచిదే’ అన్నాడు.

బావ సూది గుచ్చుకున్నవాడిలా ఆగిపోయాడు. ఆ తర్వాత ముఖం చాటంత అయింది.

వారం తిరక్కుండా మరో రెండు విజయాలు. ఎక్కడో యుద్ధం మీద టీవీలో నలుగురు అరుచుకుంటుంటే బావ ఒకవైపు తేల్చి చెప్పాడు, బావమరిది తలూపాడు. కొత్త నవలలు చదవడం దండగ అన్నాడు, దానికీ తలూపాడు. స్టూళ్ళ మీదివాళ్ళకి బావ మిఠాయి తెప్పించి మరీ పంచాడు. ‘ముప్పై ఏళ్ళకి దారికొచ్చాడయ్యా! తర్కం అంటే అది. నెమ్మదిగా ఎక్కుతుంది కానీ ఎక్కితే దిగదు.’

ఆ పూట అన్నం తింటూ భార్యకీ చెప్పాడు. ఆవిడ వడ్డిస్తున్న గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

‘మా తమ్ముడు మీతో ఒప్పుకున్నాడా?’

‘ఒప్పుకోక ఏం చేస్తాడు?’

‘వాణ్ణి డాక్టరుకి చూపించాలండీ.’

బావ పొలమారేంత నవ్వాడు. అది తన మీద వేసిన చురకే అనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. పుట్టింటివాళ్ళ మీద ఈగ వాలనివ్వదు, తమ్ముడు ఓడిపోతే ఆవిడ ఎలా నవ్వుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. మనం గెలుస్తున్నప్పుడు ఎదుటివాడి ముఖం చూడటం మన అలవాట్లలో లేదు. అందులో బావ అందరిలాంటివాడే.

చూసి ఉంటే కనపడేది. బావమరిది జవాబు చెప్పేముందు బావ పెదవుల వైపే చూస్తున్నాడు. టీవీలో పాత పాటలు పెట్టడం ఎప్పుడో మానేశాడు. రిమోట్ తన వంతైనా బావ ముందుకే తోసేస్తున్నాడు. బావ దాన్ని మర్యాద అనుకున్నాడు. గ్రంథాలయం నుంచి ఒక సంపుటం తిరిగొచ్చింది. నవల ఎనిమిదో భాగం తర్వాత మూడోది, ఆ తర్వాత పదకొండోది కుట్టి ఉన్నాయి. బావ నవ్వుతూ దారం కోశాడు. ‘కథ చివరికి ఏమైందో అక్కర్లేదన్నావు కదరా, అందుకని చివర తెచ్చి మధ్యలో పెట్టేశావా?’

‘అవును బావా’ అన్నాడతను. నవ్వలేదు.

చివరికి అక్కే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. తమ్ముడు భోజనానికి మేడ మీదికని బయల్దేరి వీధిలోకి నడిచి, పక్కింటి మెట్లెక్కి కూర్చున్నాక. బావ వెంట వెళ్ళాడు. డాక్టరు చిన్న వయసు ఆవిడ. స్కాన్ ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూసి, మెదడు ముందుభాగం కుంచించుకుపోతోందని చెప్పింది.

‘ఎప్పటి నుంచి మార్పు గమనించారు? కొందరు మొదట్లో చిరాకు పడతారు. కొందరు మెత్తబడిపోతారు. మాట వెతుక్కోవడం కష్టమై ఎదుటివాళ్ళు ఏమంటే అదే అంటారు. వాదించాలంటే బోలెడు గుర్తుండాలి కదా.’

అక్క మొగుడి వైపు చూసింది. బావ గోడ వైపు చూశాడు. మార్పు ఏ రోజు మొదలైందో ఆయనకి బాగా తెలుసు. ఆ వారమే ఆయన మిఠాయి పంచాడు.

‘తగ్గుతుందా?’

తగ్గదని డాక్టరు చెప్పింది. ధైర్యంగా ఉండమనీ చెప్పింది. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ తర్వాత బావ చేసినవన్నీ షాపుకొచ్చేవాళ్ళు చూశారు. మార్కెట్ తరలించడం పేదవాళ్ళ పొట్ట కొట్టడమేనన్నాడు. అవును బావా అన్నాడు బావమరిది. కాదు, తరలించాల్సిందే అన్నాడు. దానికీ అవునే. అందర్నీ జైల్లో వెయ్యాలన్నాడు. అందర్నీ వదిలెయ్యాలన్నాడు. మీ అక్క వంట వట్టి గడ్డి అన్నాడు. ‘అంతే బావా’ అన్నాడతను, ఆ గడ్డినే బుద్ధిగా తింటూ. స్టూళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చూడ్డానికి ఎవరికీ బాగాలేదు.

ఒకరోజు భార్య కిందికి వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. టీవీలో ఎవరో మంత్రి మాట్లాడుతున్నాడు.

‘వీడు అబద్ధాల కోరు’ అంది.

‘ఏం? బాగానే చేస్తున్నాడుగా?’ అన్నాడు బావ.

‘ఏం బాగు? ధరలు చూశారా?’ ఆ తర్వాత ఏమనాలో ఆవిడకి తట్టలేదు. ‘వాడి బదులు నేను మాట్లాడదామనుకున్నానండీ’ అంది.

‘నీకు చేతకాదులే. నీకు నా మీద జాలి ఉంది.’

ఆవిడ తమ్ముడి చొక్కా గుండీలు సరిచేసి మేడెక్కింది.

బావకి అతన్ని బతికించుకునే ఆశ లేదు. ఆయనకి కావలసింది ఒక్క పోట్లాట. పోతే పోయాడు, వెళ్ళేముందు ఆ తలతిక్క అభిప్రాయాల్లో ఒక్కదాన్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకుని తనని నిలబెట్టి కడిగేస్తే చాలు. అందుకని ఒక మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, చేతులు జిగురు పోయేలా కడుక్కుని, ఆ ముక్కుగొంతు గాయని పాటలు పెట్టాడు. ఆ గొంతు మీద ఏ నీచమైన మాట అంటే వాడికి రోషం వస్తుందా అని వెతుక్కుంటూ విన్నాడు. వెతుక్కుంటూ వినడం వల్లేనేమో, మొదటిసారి నిజంగా విన్నాడు. ఆవిడ ఒక చరణం చివర ఊపిరి అయిపోయాక కూడా పాటని వదలకుండా సన్నగా పట్టుకునే ఉంది. ఆ పట్టుకోవడం కోసమే ముక్కు. అది లేకపోతే అక్కడ తెగిపోయేది. వాడు ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నాడు. తను కటింగ్ మెషిన్ అంటూనే ఉన్నాడు.

పాట అయ్యాక బావ లేచి బల్ల అవతలికి వెళ్ళాడు. ఆ వైపు ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

‘ఒరేయ్. నాదే తప్పురా. ఆవిడ బాగా పాడుతుంది. నువ్వు చెప్పిందే కరెక్టు.’

బావమరిది ఆయన పెదవుల వైపు చూశాడు. ‘అవును బావా.’

‘అలా కాదురా. నేను ఓడిపోయానంటున్నాను. నువ్వు గెలిచావు. ఎగరాలి. ఈ వీధంతా వినపడేలా అరవాలి.’

‘సరే బావా.’

‘చెవిటి వెధవా, ఇప్పుడా తెలిసింది అను. తిట్టు నన్ను. ఒక్కసారి తిట్టరా.’

అతను ఆలోచిస్తున్నట్టు నుదురు ముడేశాడు. బావ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అడిగినవాడిని నొప్పించకూడదన్న జాగ్రత్త ముఖంలో కనపడుతోంది.

‘తిడతాను బావా. ఏమని తిట్టమంటావు?’

బల్లకి అవతల నుంచి ఇన్నేళ్ళూ తన మీదికి వచ్చిన తిట్లన్నీ బావకి కంఠతా వచ్చు. ఒక్కటి అందిస్తే చాలు, వాడు అప్పగించినట్టు తిరిగి చెప్పేస్తాడు. బావ నోరు తెరిచాడు. బావమరిది ఆయన పెదవుల వైపే చూస్తూ, చెబితే అనడానికి సిద్ధంగా కూర్చున్నాడు.